ఆవిరి బండి దగ్గర నేర్చుకున్న పాఠం: బెంట్లీ ఇంజిన్ల కథ

సభకు నమస్కారం.

పాత కార్ల గురించి మాట్లాడతానని చెప్పగానే నిర్వాహకులలో ఒకరు, "నిజాం గారి పసుపు రంగు రోల్స్ రాయిస్ గురించేనా?" అని అడిగారు. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవాళ్ళు ఆ కారును చూసే ఉంటారు. చూడముచ్చటైన బండి. అయితే ఈ సాయంత్రం నేను చెప్పబోయేది మరో ఇంగ్లీషు కారు కథ. ఆ రోల్స్ రాయిస్ వారి చేతిలోనే పడి, కొన్నాళ్ళు ఉందా లేదా అన్నట్టు బతికి, మళ్ళీ లేచి నిలబడిన కారు. దాని పేరు బెంట్లీ.

నేను కార్ల పరిశ్రమలో ఒక్కరోజు కూడా పనిచేయలేదు. నా ఉద్యోగ జీవితమంతా రైల్వే వర్క్‌షాపులో గడిచింది. మరి బెంట్లీతో నాకేమిటి సంబంధం అంటారా? ఆ కారును తయారుచేసిన మనిషి మొట్టమొదట నేర్చుకున్నది రైలింజిన్ల పని. ఆ సంగతి తెలిసిన తరువాత ఆయన ఇంజిన్ల బొమ్మలు ముందేసుకుని కూర్చుంటే, నాకు తెలిసిన చేతిపని వాటిలో కనిపించసాగింది. ఆ ఆనందాన్ని మీతో పంచుకోవాలనే వచ్చాను.

వాల్టర్ ఓవెన్ బెంట్లీ. అందరూ ఆయనను డబ్ల్యూ.ఓ. అనే పిలిచేవారు, మనమూ అలాగే పిలుద్దాం. 1888లో లండన్‌లో పుట్టాడు. తొమ్మిది మంది పిల్లలలో చివరివాడు. పదహారేళ్ళకే డాంకాస్టర్‌లోని గ్రేట్ నార్తర్న్ రైల్వే కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరాడు. ఆకురాయి పట్టడం, పోత పోయడం, బాయిలర్ బిగించడం, అన్నీ చేశాడు. చివరికి ఎక్స్‌ప్రెస్ బళ్ళ మీద ఫైర్‌మన్‌గా కూడా ఎక్కాడు. ఒకనాడు లండన్ నుంచి లీడ్స్ వరకు వెళ్ళి అదే రోజు తిరిగి వచ్చాడట. నాలుగు వందల మైళ్ళు. దారి పొడుగునా పొయ్యిలోకి పారతో ఎత్తిపోసిన బొగ్గు దాదాపు 7 టన్నులు. ఈ మాట ఆయనే ముసలితనంలో చెప్పుకున్నాడు. చెప్పుకోదగ్గ మాటే అది. ఆ పార పట్టుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ ఆ బరువు తెలియదు.

ఇక్కడ ఒక్క విషయం నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే నిలుస్తుంది. గుర్రం పరుగు వేరు, ఎద్దు లాగుడు వేరు. బురదలో దిగబడిన బండిని బయటికి తీయాలంటే పరుగెత్తే జంతువు పనికిరాదు. నిలబడిన చోటే కాళ్ళు తన్నిపెట్టి, మెడ వంచి, ఒక్క ఊపుతో లాగే జత కావాలి. ఇంజిన్లలో ఆ లాగుడు శక్తినే టార్క్ అంటాం. ఆవిరి ఇంజిన్‌లో ఉన్న గొప్పతనం ఏమిటంటే, చక్రం ఇంకా కదలకముందే దాని లాగుడు పూర్తిగా సిద్ధంగా ఉంటుంది. ఆవిరిని వదిలే రెగ్యులేటర్ తెరిస్తే చాలు, వందల టన్నుల రైలు గేరు మార్చకుండా, గోల చేయకుండా కదులుతుంది. మామూలు పెట్రోలు ఇంజిన్ అలా కాదు, అది బాగా తిరిగితే గాని బలం చూపించదు. పెట్రోలు ఇంజిన్ చేత రైలింజిన్ లాగా పని చేయించాలన్నదే డబ్ల్యూ.ఓ. జీవితమంతా చేసిన ప్రయత్నం అని నా అభిప్రాయం. ఆయన అలా అని ఎక్కడా రాసిపెట్టలేదు. ఆయన చేసిన ఇంజిన్లు చూసి నేను అంటున్న మాట ఇది.

రైల్వే వదిలాక ఆయన కొన్నాళ్ళు లండన్ టాక్సీల మరమ్మతు చూశాడు. 1912లో అన్నతో కలిసి డి.ఎఫ్.పి. అనే ఫ్రెంచి కార్ల ఏజెన్సీ తీసుకున్నాడు. 1913లో ఆ ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్ళినప్పుడు బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టిన ఒక చిన్న వస్తువు కంటబడింది. అల్యూమినియంతో పోతపోసిన బుల్లి పిస్టన్. ఎవరో ముచ్చటకు చేయించిన బొమ్మ. దాన్ని చేతిలోకి తీసుకున్న మనిషికి వేరే ఆలోచన వచ్చింది. అప్పట్లో పిస్టన్లు పోత ఇనుముతోనో ఉక్కుతోనో చేసేవారు. అల్యూమినియం అయితే తేలిక, పైగా వేడిని త్వరగా వదిలేస్తుంది. కానీ మెత్తన, వేడికి వ్యాకోచిస్తుంది, కరిగిపోతుందేమోనని భయం. ఆయన నూటికి 12 పాళ్ళు రాగి కలిపిన మిశ్రమంతో పిస్టన్లు పోయించాడు. అవి నిలబడ్డాయి. డి.ఎఫ్.పి. కారు వేగం పెరిగింది, బ్రూక్‌లాండ్స్ పందేల మైదానంలో రికార్డులు వచ్చాయి.

అంతలో 1914 యుద్ధం. తన రహస్యాన్ని తన దగ్గరే దాచుకోకుండా డబ్ల్యూ.ఓ. నౌకాదళ అధికారుల దగ్గరకు వెళ్ళి చెప్పాడు. వాళ్ళు ఆయనను రోల్స్ రాయిస్‌తో సహా విమాన ఇంజిన్లు చేసే సంస్థలకు పంపారు. ఆ అల్యూమినియం పిస్టన్లు రోల్స్ రాయిస్ ఈగిల్ ఇంజిన్లోకి కూడా చేరాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరువాత జరిగింది తలచుకున్నప్పుడు మనసు కలుక్కుమంటుంది.

అప్పటి విమానాలలో క్లెర్జే అనే రోటరీ ఇంజిన్ ఉండేది. దాంట్లో సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిరగిరా తిరుగుతాయి. ఎదురుగాలి తగిలే వైపు చల్లబడుతుంది, రెండో వైపు కాలిపోతుంది. గుండ్రంగా ఉండాల్సిన సిలిండర్ వంకరపోయి గాలిలోనే ఇంజిన్ పట్టేసేది. డబ్ల్యూ.ఓ. అల్యూమినియం సిలిండర్లలో ఇనుప లైనర్లు దిగేసి, అల్యూమినియం పిస్టన్లు పెట్టి కొత్త రోటరీ తయారుచేశాడు. అదే బి.ఆర్.1, బెంట్లీ పేరు మోసిన మొదటి ఇంజిన్. 150 అశ్వశక్తి. సాప్‌విత్ క్యామెల్ యుద్ధ విమానాలలో ఎగిరింది. తరువాత మరింత పెద్ద బి.ఆర్.2. ఎంతమంది కుర్రవాళ్ళు ఆ ఇంజిన్ల పుణ్యమా అని ప్రాణాలతో దిగి ఉంటారో లెక్క కట్టినవాళ్ళు లేరు.

యుద్ధం ముగిశాక, 1919 జూలైలో బెంట్లీ మోటార్స్ పెట్టాడు. ఆ ఏడాది అక్టోబరులోనే, బేకర్ స్ట్రీట్‌కు దగ్గరలో ఒక సందులోని షెడ్డులో మొదటి ఇంజిన్ స్టార్ట్ అయింది. మూడు లీటర్ల ఇంజిన్. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని వ్యాసం 80 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం, అంటే స్ట్రోక్, 149 మిల్లీమీటర్లు. దాదాపు రెట్టింపు. మీ ఇళ్ళలోని కార్లలో ఈ రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. మరి ఆ సన్నని పొడవాటి గొట్టాలెందుకు? ఒక కారణం పన్ను. అప్పటి ఇంగ్లండులో కారు పన్ను ఇంజిన్ అసలు బలం మీద కాకుండా సిలిండర్ వ్యాసం మీద కట్టేవారు. వ్యాసాన్ని అంగుళాలలో కొలిచి, వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, 2.5తో భాగిస్తే వచ్చేది పన్ను లెక్క అశ్వశక్తి. ఈ ఇంజిన్‌కు అది 16 కూడా రాదు. నిజంగా ఇచ్చే బలం 70 పైచిలుకు. స్ట్రోక్ ఎంత పెంచినా పన్ను పెరగదు. ఆ రోజుల్లో చాలామంది ఇంగ్లీషు ఇంజనీర్లు ఈ దారే పట్టారు. కానీ డబ్ల్యూ.ఓ.కు పొడవాటి స్ట్రోక్ ఇష్టమైన విషయం కూడా. రైలింజిన్ పిస్టన్ ఎలా నడుస్తుందో తెలిసినవాడు కదా. దూరం ఎక్కువ, తొందర తక్కువ, లాగుడు గట్టిది.

రెండో సంగతి, సిలిండర్‌కు నాలుగు వాల్వులు. రెండు గాలి పీల్చడానికి, రెండు పొగ వదలడానికి. ఇవాళ చిన్న కారు మీద కూడా "16 వాల్వులు" అని గొప్పగా రాసుకుంటారు. నూరేళ్ళ కిందట, కొనుగోలుదారు చేతికి ఇచ్చే కారులో అది చాలా అరుదు. వాటిని నడిపే క్యామ్‌షాఫ్ట్ ఇంజిన్ నెత్తిన ఉంటుంది. సిలిండర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వ పుట్టించే కరెంటు ఇచ్చే మాగ్నెటోలు రెండు. ఒకటి పోయినా రెండోది ఇంటికి చేరుస్తుంది.

మూడోది మెకానిక్కుల వైపు నుంచి చెప్పాలి. ఈ ఇంజిన్‌లో సిలిండర్ హెడ్ విడిగా ఊడిరాదు. బ్లాకు, హెడ్ ఒకే పోత. ఆ కాలంలో ఈ రెండింటి మధ్య అతుకులో పెట్టే రేకులు, అంటే హెడ్ గ్యాస్కెట్లు, తరచుగా కాలిపోయేవి, అందుకని గ్యాస్కెట్ అవసరమే లేకుండా చేశాడు. దారిలో ఆగిపోయే ప్రమాదం తప్పింది. కానీ వాల్వులు రుద్దాలంటే బ్లాకు మొత్తం పైకి ఎత్తాలి. నడిపేవాడికి నిశ్చింత, బాగుచేసేవాడికి నడుం నొప్పి. నేను బాగుచేసేవాళ్ళ పక్షం. అయినా ఆయన నిర్ణయాన్ని తప్పుపట్టలేను, ఎందుకంటే ఆ చాసిస్‌కు, అంటే బాడీ కట్టకముందు ఇంజిన్, చక్రాలతో ఉండే చట్రానికి, అయిదేళ్ళ గ్యారంటీ ఇచ్చాడు.

1921 సెప్టెంబరులో మొదటి కారు కొనుగోలుదారుకు అందింది. 1923లో ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో 24 గంటల పందెం మొట్టమొదటిసారి పెట్టారు. జాన్ డఫ్ అనే ఆయన తన సొంత బెంట్లీతో వెళ్ళాడు. కంపెనీ డ్రైవరు ఫ్రాంక్ క్లెమెంట్ తోడు వెళ్ళాడు. ముందు చక్రాలకు బ్రేకులు లేవు. రాయి ఎగిరివచ్చి పెట్రోలు ట్యాంకుకు చిల్లు పెడితే, డఫ్ మైళ్ళ దూరం పరుగెత్తి వచ్చాడు. క్లెమెంట్ సైకిల్ సంపాదించి పెట్రోలు డబ్బాలతో వెళ్ళి చిల్లు పూడ్చి కారును తెచ్చాడు. అయినా నాలుగో స్థానం. మరుసటి ఏడాది అదే ఇద్దరు గెలిచారు.

1927 పందెం ఇంకా విచిత్రం. మూడు బెంట్లీలు బయలుదేరాయి. చీకటి పడుతున్న వేళ వైట్ హౌస్ అనే మలుపు దగ్గర మూడూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రెండు అక్కడే పోయాయి. మూడోదాన్ని శామీ డేవిస్ వంగిన ఇరుసుతో, పగిలిన దీపంతో ఆ కుప్పలోంచి బయటికి లాగాడు. ఆయన, బెంజఫీల్డ్ అనే వైద్యుడు కలిసి రాత్రంతా దాన్నే నడిపి మర్నాడు సాయంత్రం గెలిచారు. లండన్ సెవాయ్ హోటల్‌లో విజయోత్సవ విందు జరిగినప్పుడు ఆ కారునే హాలులోకి తెచ్చి నిలబెట్టారు, ముఖ్య అతిథిగా.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ప్రియమైన ఇంజిన్ దగ్గరకు వద్దాం.

మూడు లీటర్ల చాసిస్ మీద ధనవంతులు బరువైన, విలాసవంతమైన బాడీలు కట్టించుకోవడం మొదలుపెట్టారు. ఇంజిన్ చాలడం లేదు. డబ్ల్యూ.ఓ. 4.25 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒకటి చేసి, 1924లో గుర్తుతెలియని పేరుతో ఫ్రాన్స్ రోడ్ల మీద పరీక్షకు తీసుకువెళ్ళాడు. దారిలో మరో గుర్తుతెలియని పెద్ద కారు ఎదురైంది. చూస్తే అది రోల్స్ రాయిస్ వారి కొత్త కారు, అది కూడా రహస్య పరీక్షలోనే ఉంది. ఇద్దరూ పక్కపక్కన పందెం వేసుకున్నారు. రెండూ సమానంగా వచ్చాయి. సమానం అన్నది డబ్ల్యూ.ఓ.కు సరిపోలేదు. ఇంటికి వచ్చి ఇంజిన్‌ను 6.5 లీటర్లకు పెంచేశాడు.

పరిమాణం అలా ఉంచండి. క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే పద్ధతి చూడండి. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, కింద ఉంటుంది, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైన ఉంటుంది. కింది తిరుగుడును పైకి చేర్చాలి. అందరూ గేర్లో, గొలుసో, నిలువు షాఫ్టో వాడతారు. గేర్లు రొద చేస్తాయి, గొలుసులు సాగుతాయి. ఆరు సిలిండర్ల కారు కొనేవారికి నిశ్శబ్దం కావాలి. అప్పుడు ఈ పూర్వపు రైల్వే అప్రెంటిస్ ఏం చేశాడో తెలుసా? ఇంజిన్ వెనక భాగంలో మూడు నిలువు రాడ్లు పెట్టాడు. రైలింజిన్ చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే కప్లింగ్ రాడ్లు చూశారు కదా, పక్కనుంచి ముందుకూ వెనక్కూ ఊగుతుంటాయి. అవే. వాటిని నిలువుగా నిలబెట్టాడు.

మూడు ఎందుకు? రైలింజిన్‌కు రెండు పక్కలా రెండు రాడ్లుంటాయి, ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో. ఒక పక్క రాడ్ సరిగ్గా చివర చేరి ఎటు తోయాలో తెలియని స్థితిలో ఉంటే, రెండో పక్కది మంచి పట్టు మీద ఉంటుంది. ఇక్కడ మూడు రాడ్లను 120 డిగ్రీల తేడాతో అమర్చాడు. ఏ క్షణంలో చూసినా కనీసం ఒకటి లాగుతూ ఉంటుంది. గేర్ల మోత లేదు, గొలుసు సాగడం లేదు. ఈ బొమ్మను నేను మొదటిసారి చూసినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. మా షెడ్డులో నేను చమురు పోసిన రాడ్లే లండన్ శ్రీమంతుల కారులో, మూత కింద, ఎవరికీ కనబడకుండా ఊగుతున్నాయి.

1926లో ఈ కారు వచ్చింది, 147 అశ్వశక్తితో. 1928లో దాన్నే మరింత పదునుపెట్టి 180 అశ్వశక్తితో స్పీడ్ సిక్స్ అన్నారు. 1929లోనూ 1930లోనూ లె మాన్ గెలిచింది స్పీడ్ సిక్సే. 1929లో మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీలవే.

ఇదే కాలంలో నాలుగున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల కారు కూడా ఉంది, అది 1928లో గెలిచింది. దాని తోబుట్టువే బ్లోయర్ బెంట్లీ. ఈ కారు పేరు వినని పాత కార్ల ప్రియుడు ఉండడు. సర్ హెన్రీ బర్కిన్ అనే డ్రైవరుకు ఇంకా వేగం కావాలి. డబ్ల్యూ.ఓ. అయితే ఇంజిన్‌నే పెద్దది చేయాలంటాడు. బర్కిన్ వినలేదు. డొరొతీ పాజెట్ అనే శ్రీమంతురాలు డబ్బు పెట్టింది, ఆమ్‌హర్స్ట్ విలియర్స్ సూపర్‌చార్జర్ తయారుచేశాడు. రేడియేటర్ ముందు, క్రాంక్‌షాఫ్ట్ మూతికి తగిలించిన ఒక పెద్ద గాలితిత్తి అది. కొలిమి తిత్తి లాగా బలవంతంగా గాలిని ఇంజిన్లోకి దూర్చుతుంది. 110 అశ్వశక్తి కాస్తా పందెం కారులో 240 అయింది. డబ్ల్యూ.ఓ.కు అది ఎంతమాత్రం నచ్చలేదు. తన ఇంజిన్ స్వభావాన్నే చెడగొట్టారని బాధపడ్డాడు. వెనక వరుసలో ఎవరో పెట్రోలు ఎంత తాగుతుందని అడుగుతున్నారు. పూర్తి వేగంలో నిమిషానికి దాదాపు 4 లీటర్లు అంటారు. గంటకు అనలేదు, నిమిషానికి.

1930 లె మాన్‌లో బర్కిన్ బ్లోయర్‌తో, టైరు తొడుగు చీలికలై ఎగిరిపోతుండగా, గడ్డి మీదికి చక్రం దించి మరీ మెర్సిడెస్‌ను దాటాడు. చూసినవాళ్ళు జన్మలో మరచిపోలేదు. మెర్సిడెస్ చివరికి ఆగిపోయింది. బ్లోయర్లూ ఆగిపోయాయి. గెలిచింది, చప్పుడు చేయకుండా తన దారిన తాను తిరుగుతున్న స్పీడ్ సిక్స్. బ్లోయర్ ఒక్క పెద్ద పందెమూ గెలవలేదు. ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో రెండో స్థానమే దాని గొప్ప ఫలితం. అయినా జనం గోడకు తగిలించుకునేది దాని బొమ్మే. నాకు ఇది కొంచెం అన్యాయంగా తోస్తుంది, చెప్పకుండా ఉండలేను.

1930 అక్టోబరులో డబ్ల్యూ.ఓ. తన చివరి గొప్ప కారు తెచ్చాడు. ఎనిమిది లీటర్లు, ఆ మూడు రాడ్ల ఇంజినే ఇంకా పెద్దదై. ఎంత బరువైన బాడీ వేసినా గంటకు నూరు మైళ్ళు దాటుతుంది. కానీ అప్పటికి ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. నూరు కార్లు తయారయ్యేసరికి కంపెనీ చేతులెత్తేసింది. వజ్రాల గనుల వారసుడు వుల్ఫ్ బర్నాటో అప్పటివరకు డబ్బు పోశాడు. మూడుసార్లు లె మాన్‌కు వెళ్ళి మూడుసార్లూ గెలిచిన మనిషి. ఆయన కూడా చాలించుకున్నాడు. 1931 జూలైలో కంపెనీ, అప్పులు తీర్చడానికి ఆస్తులు అమ్మే రిసీవర్ల చేతిలోకి వెళ్ళింది. నేపియర్ సంస్థ కొంటుందని, తాను అక్కడ కొత్త కారు గీస్తానని డబ్ల్యూ.ఓ. ఆశపడ్డాడు. కోర్టులో చివరి నిమిషాన ఎవరూ విననైనా వినని ఒక ట్రస్టు ఎక్కువ ధర పాడింది. ఆ తెర వెనక ఉన్నది రోల్స్ రాయిస్. సుమారు 1,25,000 పౌండ్లకు కంపెనీ, పేరు, దానితో పాటు మనిషి కూడా వాళ్ళ సొత్తయ్యాయి. యుద్ధకాలంలో తన పిస్టన్ల రహస్యం ఎవరికి చెప్పాడో వాళ్ళకే. ఎనిమిది లీటర్ల కారును వాళ్ళు వెంటనే ఆపేశారు. డబ్ల్యూ.ఓ.కు జీతం ఇచ్చారు, గీసే పని మాత్రం ఇవ్వలేదు. 1935లో బయటపడి లగొండా సంస్థలో చేరాడు. అక్కడ పన్నెండు సిలిండర్ల ఇంజిన్ చేశాడు. యుద్ధం తరువాత ఆయన పర్యవేక్షణలో గీసిన ఆరు సిలిండర్ల ఇంజిన్, లగొండాను, ఆస్టన్ మార్టిన్‌ను రెండింటినీ కొన్న డేవిడ్ బ్రౌన్ ద్వారా ఆస్టన్ మార్టిన్ డి.బి.2 లోకి వెళ్ళింది. అంటే ఆస్టన్ మార్టిన్ కీర్తిలో కూడా ఆయన చేయి ఉంది. కారు మీద ఆయన పేరు మాత్రం లేదు.

తరువాతి పాతికేళ్ళు త్వరగా దాటుతాను. 1933లో డర్బీలో రోల్స్ రాయిస్ ఇంజిన్‌తోనే కొత్త బెంట్లీ చేశారు, మర్యాదస్తుల కారు. 1946 నుంచి క్రూ పట్టణానికి మారారు. రెండో ప్రపంచయుద్ధానికి మెర్లిన్ విమాన ఇంజిన్ల కోసం కట్టిన ఫ్యాక్టరీ అది. 1952లో వచ్చిన ఆర్ టైప్ కాంటినెంటల్ ఒక్కటి మాత్రం ఆగి చూడదగ్గది. వెనక్కి వాలిన కప్పు, నలుగురు హాయిగా కూర్చునే చోటు, గంటకు 120 మైళ్ళకు దగ్గరగా వేగం. 208 మాత్రమే చేశారు. మిగతా బెంట్లీలన్నీ క్రమంగా ముందు జల్లెడ మార్చిన రోల్స్ రాయిస్‌లయిపోయాయి.

అయితే 1959లో, ఆ జల్లెడ వెనక, కొత్త ఇంజిన్ ఒకటి చేరింది. జాక్ ఫిలిప్స్ బృందం గీసిన వి8, అంటే ఎనిమిది సిలిండర్లు రెండు వరసలుగా వి ఆకారంలో ఉన్నది. బ్లాకు అల్యూమినియం, లోపల ఇనుప లైనర్లు. బి.ఆర్.1 గుర్తొచ్చిందా? 6.2 లీటర్లతో మొదలై, 1970లో స్ట్రోక్ పెంచి 6.75 లీటర్లు చేశారు. మధ్యలో ఒకే క్యామ్‌షాఫ్ట్, అక్కడి నుంచి వాల్వులను తోసే కడ్డీలు, అంటే పుష్‌రాడ్లు, సిలిండర్‌కు రెండే వాల్వులు. మొదటి కార్లలో స్పార్క్ ప్లగ్గులు ఎంత కిందికి ఉండేవంటే, ముందు చక్రం పక్కనున్న మూత తీసి, ఆ కంతలోంచి చేయి పెట్టి విప్పాల్సి వచ్చేది. అశ్వశక్తి ఎంత అని అడిగితే కంపెనీవారు "సరిపడా" అనేవారు, అంకె చెప్పేవారు కాదు.

1971లో రోల్స్ రాయిస్ సంస్థే విమాన ఇంజిన్ ఆర్.బి.211 ఖర్చు భరించలేక దివాలా తీసింది. ఆ ఏడాదే ఆగస్టులో డబ్ల్యూ.ఓ. కన్నుమూశాడు. ఆ తరువాతి సంవత్సరాలలో క్రూ నుంచి వచ్చే కార్లలో నూటికి అయిదు కూడా బెంట్లీలు ఉండేవి కావు. పేరు తీసేద్దామా అన్న దశ అది.

దాన్ని బతికించింది 1982లో వచ్చిన ముల్సాన్ టర్బో. ముల్సాన్ అంటే లె మాన్‌లో పొడవైన తిన్నని దారి ఉన్న చోటు. ఆ బరువైన వి8కు ఒక టర్బో, అంటే ఇంజిన్ వదిలే పొగతో తిరిగి గాలిని లోపలికి దూర్చే పరికరం, తగిలించేసరికి బలం ఒకటిన్నర రెట్లయింది. 1985లో టర్బో ఆర్ వచ్చింది, మలుపులలో రోడ్డును పట్టుకుని నడిచేలా సస్పెన్షన్ బిగించి. ఆ కారుతో బెంట్లీ మళ్ళీ బెంట్లీ అయింది. గమ్మత్తు చూడండి. బలవంతంగా గాలి దూర్చడం డబ్ల్యూ.ఓ.కు నచ్చని పని. కానీ టర్బో పెట్టాక వచ్చిన ఫలితం ఆయన కోరుకున్నదే: తక్కువ చుట్లలో కొండను లాగే బలం.

1998లో రెండు జర్మన్ సంస్థలు ఈ ఇంటి కోసం పోటీపడ్డాయి. ఫోక్స్‌వ్యాగన్ 430 మిలియన్ పౌండ్లకు క్రూ ఫ్యాక్టరీని, బెంట్లీని తీసుకుంది. రోల్స్ రాయిస్ పేరు బి.ఎం.డబ్ల్యూ.కు పోయింది. అప్పుడే విడుదలైన బెంట్లీ ఆర్నాజ్ కారులో బి.ఎం.డబ్ల్యూ. వారి 4.4 లీటర్ల వి8 ఉంది. ఆధునికమైనది, పొదుపైనది, సిలిండర్‌కు నాలుగు వాల్వులు, రెండు టర్బోలు. దాని టార్క్ 569 న్యూటన్ మీటర్లు, లాగుడును కొలిచే ప్రమాణం అది. పాత కస్టమర్లకు నచ్చలేదు. పైగా ప్రత్యర్థి ఇంజిన్ మీద ఆధారపడటం ఫోక్స్‌వ్యాగన్‌కూ ఇబ్బందే. 1999లో, నలభై ఏళ్ళ పాత పుష్‌రాడ్ ఇంజిన్‌ను తెచ్చి కొత్త కారులో పెట్టారు. టార్క్ 835. కొత్త ఇంజిన్ తీసి పాత ఇంజిన్ పెట్టడం, పైగా దాన్ని ఖరీదైన మోడల్‌గా అమ్మడం, కార్ల చరిత్రలో నాకు తెలిసి ఇంకెక్కడా లేదు.

ఆ తరువాత దాన్ని లోపలంతా తిరగరాశారు. 2010 ముల్సాన్‌లో అవసరం లేనప్పుడు ఎనిమిదిలో నాలుగు సిలిండర్లు నిద్రపోయే ఏర్పాటు కూడా వచ్చింది. చివరి రోజుల్లో ముల్సాన్ స్పీడ్ టార్క్ 1,100 న్యూటన్ మీటర్లు, అదీ నిమిషానికి 1,750 చుట్ల దగ్గరే. మన రోడ్ల మీది చిన్న పెట్రోలు కారుకు నూరో నూట పదో ఉంటుంది, అదీ నాలుగు వేల చుట్లు దాటాక. 2020 జూన్‌లో ఆ ఇంజిన్ తయారీ ఆగింది. అరవై ఒక్క ఏళ్ళలో సుమారు 36,000 ఇంజిన్లు. సంఖ్య చిన్నదే. ఒక పెద్ద కార్ల కంపెనీకి అది కొద్ది వారాల పని.

2003లో వచ్చిన కాంటినెంటల్ జీటీ, దాని డబ్ల్యూ12 ఇంజిన్ గురించి మీలో చాలామందికి తెలుసు. ఇరుకు కోణంలో అల్లిన ఆరేసి సిలిండర్ల వరసలు రెండు, 72 డిగ్రీలలో ఒకే క్రాంక్‌షాఫ్ట్ మీద కూర్చుంటాయి. పన్నెండు సిలిండర్లు అంత పొట్టిగా సర్దడం చిన్న విషయం కాదు. 650 న్యూటన్ మీటర్లు, 1,600 చుట్ల దగ్గరే. బెంట్లీ అమ్మకాలను ఏడాదికి వేల సంఖ్యకు చేర్చింది ఈ కారే. అదే ఏడాది లె మాన్‌లో స్పీడ్ 8 కారు గెలిచింది, 73 ఏళ్ళ తరువాత. డబ్ల్యూ12 లక్షకు పైగా తయారై 2024 జూలైలో ఆగింది. ఇప్పుడు వి8 తోడుగా విద్యుత్ మోటారు. మోటారు అన్నాను కదా, రైల్వేవాడిగా ఒక మాట: నిలబడిన చోటు నుంచే పూర్తి లాగుడు ఇవ్వడంలో విద్యుత్ మోటారు ఆవిరి ఇంజిన్‌కు సొంత చెల్లెలు. డబ్ల్యూ.ఓ. ఉంటే దాన్ని చూసి ముఖం చిట్లించేవాడు కాదని నా నమ్మకం.

చివరగా ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈ మధ్య క్రూలో పాత కార్లను మళ్ళీ కొత్తగా చేసే పని మొదలుపెట్టారు. ముందుగా బ్లోయర్, పన్నెండు కార్లు. పాత కారును ముక్కముక్కగా విప్పి, లేజర్‌తో కొలిచి, ప్రతి భాగాన్నీ తిరిగి చేశారు. అది పూర్తయ్యాక స్పీడ్ సిక్స్, అదీ పన్నెండు. అందులో ఆ మూడు రాడ్లు ఉన్నాయి. కంప్యూటర్ మీద గీసే కుర్ర ఇంజనీర్లు, ఆవిరి బండిని నడుస్తుండగా ఎన్నడూ చూడని వయసువాళ్ళు, ఆ రాడ్లను 120 డిగ్రీల తేడాతో మళ్ళీ బిగించారు. ఇంజిన్ స్టార్ట్ చేశారు. రాడ్లు ఊగాయి.